వెయ్యి గొర్రెల అచ్చు

మా క్లబ్బు గోడకి మొన్న కొత్త బోర్డు కొట్టారు. తెల్లరంగు పూసిన చెక్కమీద వరసలు వరసలుగా నల్ల గొర్రెలు. పై వరసలో కాసిని, దానికింద ఇంకాసిని, అడుగు వరసలో ఈ చివరినుంచి ఆ చివరిదాకా. మా సర్కారు పశుక్షేత్రంలో మందలు ఏటేటా ఎలా పెరుగుతున్నాయో చెప్పే బోర్డట. అది వేసిన పిల్ల రంగు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, "ఎలా ఉంది మామ్మా?" అని అడిగింది.

"చెవులకి గాట్లేవే?" అన్నాను.

"బొమ్మలకి గాట్లెందుకు మామ్మా!"

"ఎందుకంటే? మరి ఎవరివే ఇవి?"

పిల్ల పకపకా నవ్వేసింది. దాని తప్పేముంది, అది పుట్టేనాటికి చెవులు చూసేవాళ్ళే మిగల్లేదు. నేను మాత్రం ఇంటికొచ్చి పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చున్నాను. మరిది గుర్తొచ్చాడు. గుర్తు రావడమేమిటి నా మొహం, వాడు నన్ను వదిలిందెప్పుడు గనక!

కోడలిని కాబట్టి వాడి పేరు నా నోట రాదు. అత్తింటి మగవాళ్ళకి మేం పెట్టుకునే మారుపేర్లలో వాడికి నేను పెట్టింది సన్నవేళ్ళు. మీసం సరిగ్గా మొలవకముందే మందల వెంట గుడారాలతో తిరిగే మా చుట్టుపక్కల పల్లెల పశువుల ముద్రలన్నీ వాడికి కంఠతా వచ్చు. గుర్రాల తొడమీద కాల్చే ఇనుప ముద్రలు వాడే తీర్చేవాడు. గొర్రె చెవి గాట్లయితే చెప్పనే అక్కర్లేదు. ఒక పల్లెవాళ్ళు చెవి ముందువైపు నెలవంకలా కోస్తారు. ఇంకో పల్లెవాళ్ళు నడిమధ్య రంధ్రం పొడుస్తారు. మాది కుడిచెవి కొసన వానకోవెల తోక, రెండుగా చీలి ఉంటుంది. మంచు తుఫానులో మందలు కలిసిపోయి పెద్దవాళ్ళు తగువుకి దిగి ఒకరి గడ్డాలు ఒకరు పట్టుకునేదాకా వస్తే, వీడు మధ్యలో దూరి చెవి చూడడం, ఒకదాన్ని ఇటు తొయ్యడం, ఒకదాన్ని అటు తొయ్యడం. అక్షరం ముక్క రాదు వాడికి. మాలో ఎవరికి వచ్చు గనక! గొర్రె చెవే మాకు పలక.

"ఏరా సన్నవేళ్ళూ, గొర్రెల చెవులు పట్టుకు తిరగడమేనా, ఒక పిల్ల చెయ్యి పట్టుకునేదేమైనా ఉందా?" అని ఏడిపించేదాన్ని.

"నీ చెవి ఇటు చూపించు వదినా. మా అన్న గాటు పెట్టాడో లేదో చూసి, నా సంగతి తర్వాత చెబుతాను," అనేవాడు వెధవ.

ఆ నవ్వులన్నీ మందలున్నప్పటివి. తర్వాత సర్కారువాళ్ళు మందల్ని సమష్టి క్షేత్రం కిందికి తోలారు. అక్కడినుంచి మాంసం కోటా అని రైలుబండ్లకెక్కించారు. మిగిలినవాటిని మేతకి తిప్పకుండా ఒక్కచోట కట్టేస్తే నిలబడ్డచోటే కూలిపోయాయి. నా మొగుడు రైలుపట్టాల పనికని వెళ్ళాడు. వెళ్ళినట్టే తెలుసు, మళ్ళీ కబురు లేదు. పాలకోసమని పల్లెకి చట్టప్రకారం వదిలినవి కాసిని గొర్రెలు, మేకలు. నా గుడారానికి దక్కింది బూడిదరంగు మేక ఒకటి. నా కూతురు జిబాష్‌కి అప్పుడప్పుడే పళ్ళు వస్తున్నాయి, నా రొమ్ము చూస్తే ఎండిపోయింది. ఆ మేక పొదుగులోనే నా పిల్ల ప్రాణం ఉండేది. ఇక నేను చెప్పేదంతా ఆ మేక గురించే అనుకోండి.

అలాంటి రోజుల్లో మా పల్లెకి వచ్చాడు కొర్నేయ్ లుకిచ్. ఎక్కడో పెద్ద పట్నంనుంచి జిల్లా ప్రణాళిక కార్యాలయానికి వేశారట. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకున్నాడు. మా మాట వచ్చీరానట్టు మాట్లాడేవాడు, ఎండు పెరుగుండ ఇస్తే రాయనుకుని ముందు చేతిలో తిప్పి చూశాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికి నాకు హాయిగా ఉండేది.

గుడారంలో మగవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. నేను టీ పోస్తున్నాను.

"మీకు అంకెలు రావు. రానక్కర్లేదు కూడా," అన్నాడు కొర్నేయ్ లుకిచ్. "ప్రణాళిక మీకు బొమ్మల్లో చూపిస్తాం. గోడమీద ఒక గొర్రె బొమ్మ ఉందనుకోండి, అది వెయ్యి గొర్రెలకి గుర్తు. చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ ఒకేలా తెలిసిపోతుంది."

తోక్సన్‌బాయ్ తాత గడ్డం నిమురుకుని ముందుకి వంగాడు. మా పల్లెకి పెద్ద ఆయనే, కొంటెతనంలోనూ ఆయనే.

"అయితే నాయనా, ఆ కాగితం గొర్రె నాకొక్కటి ఇప్పించు. వెయ్యి గొర్రెలతో ఎలాగో గుట్టుగా బతికేస్తాను. ఊరికే వద్దులే, కోసిన రోజున నిన్ను పిలుస్తాను. అతిథివి, తల నీ ముందే పెడతాం. చెవి కోసి మా జిబాష్‌కివ్వు, చాలు."

గుడారం గుడారమంతా ఒకటే నవ్వు. కొర్నేయ్ లుకిచ్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. విందులో గొర్రెతల చెవి పిల్లలదని ఆయనకెవరు చెప్పారు?

పోతూ పోతూ సన్నవేళ్ళని పనికి తీసుకుపోయాడు. అచ్చులు చెక్కేవాడు కావాలట. జీతం పిండిమూట. మా మరిది దాన్ని భుజాన వేసుకుని వచ్చిన ప్రతిసారీ పల్లెలో పొయ్యిలు వెలిగేవి. పిండితో పాటు కబుర్లూ తెచ్చేవాడు. కొర్నేయ్ లుకిచ్ తనకి నేర్పినవన్నీ పొయ్యి దగ్గర కూర్చుని నాకు అప్పజెప్పేవాడు.

"పూర్వం లెక్కలన్నీ అంకెల్లోనే రాసుకునేవాళ్ళట వదినా. తర్వాత ఎవరికో తట్టిందట, అమ్మకం పెరిగితే పైకెక్కే గీత, తగ్గితే కిందికి దిగే గీత. ఆ తర్వాత గుంజల్లా నిలువు దిమ్మెలు. ఇంకొకడు రొట్టెని ముక్కలు కోసినట్టు గుండ్రంగా గీసి పంచాడట, ఎవరికెంతో తెలిసేలా."

"రొట్టె గీస్తే తిన్నట్టా?"

"విను వదినా! ఒక సైన్యం చలికాలంలో పరాయి దేశంలో చిక్కుకుపోయిందట. ఆ సైన్యాన్ని ఒక ఫ్రెంచివాడు ఏరులా గీశాడు. ఆ బొమ్మ కొర్నేయ్ లుకిచ్ నాకు చూపించాడు. బయల్దేరినప్పుడు అరచేతి వెడల్పు. తిరిగొచ్చేటప్పుడు దారం పోగు. ఒక్క శవం గియ్యలేదు, ఒక్క నెత్తురు చుక్క పెట్టలేదు. అయినా చూస్తుంటే ఒళ్ళు జలదరించింది."

"ఆ సైనికుల తల్లులకి చూపించారా దాన్ని?" అన్నాను.

బొమ్మ పెట్టడానికి బోలెడు కట్టుబాట్లు ఉన్నాయట. గొర్రెలు పెరిగాయని బొమ్మని పెద్దది చెయ్యకూడదు. ఎత్తు రెండింతలు చేస్తే వెడల్పూ రెండింతలై, కంటికి నాలుగింతలు కనిపిస్తుంది. అది కంటిని మోసం చెయ్యడం. అందుకని ఒకే అచ్చుతో, ఒకే కొలతతో, పక్కపక్కన కొట్టుకుంటూ పోవాలి. పక్కన ఏ ఏడాదిదో రాయాలి. గొర్రె నిలబడే నేల, ఆకాశం, కాపరి, ఏవీ ఉండకూడదు.

"మరి వెయ్యికి తక్కువుంటేనో?" అని అడిగాను.

"సగం గొర్రె కొట్టాలి. సగానికీ తక్కువైతే వదిలెయ్యాలి."

"వదిలేసినవి ఎక్కడికి పోతాయిరా?"

"నేనూ అదే అడిగాను వదినా. కాగితం బయటికి అన్నాడు."

అచ్చు దేనిమీద చెక్కాలన్నది చిక్కయింది. పట్నంలో నేలమీద పరిచే లినోలియంమీద చెక్కుతారట. మా జిల్లాలో గుడారం నేలకి అది ఎవరు పరిచారు! సన్నవేళ్ళు ఎద్దుతోలు తీసుకున్నాడు, బూటు అడుగుకి వేసే దళసరిది. దాన్ని కోసి, చెక్కి, చెక్కదిమ్మకి అతికించాడు. మసి, నూనె కలిపిన నల్లరంగు పూసి కాగితంమీద నొక్కితే గొర్రె దిగింది. నాకు ఒక కాగితం తెచ్చి చూపించాడు. ఏం గొర్రె అది! తోక కొవ్వు బరువుకి వెనక్కి ఒరిగినట్టు, ఇప్పుడే మేత వదిలి తలెత్తినట్టు. కుడిచెవి కొసన వానకోవెల తోక.

"మన గాటు పెట్టావేంరా?" అన్నాను.

వాడు కాగితం లాక్కుని చూశాడు. నిజంగా అప్పటిదాకా వాడికి తెలియదు. గొర్రె చెక్కితే చెవి చెక్కాలి, చెవి చెక్కితే గాటు చెక్కాలి. ఎవరిదీ కాని గొర్రెని వాడు పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

"బోర్డంతా కొట్టేశాం వదినా," అన్నాడు చివరికి. "కొర్నేయ్ లుకిచ్ చూశాడు, చెవి బాగా కుదిరిందన్నాడు. పట్నంవాళ్ళకి ఏం తెలుస్తుందిలే."

పట్నంవాళ్ళకి తెలియదు. చదివేది పట్నంవాళ్ళు కాదు కదా!

జిల్లా కేంద్రం నడిబజారులో బోర్డు నిలబెట్టారు. ధాన్యం ఇస్తారని ఎవరో అంటే పల్లెలన్నీ అక్కడికి ఎగబడ్డాయి, మేమూ పోయాం. కిందటేటి వరసలో గొర్రెలు, ఈ ఏటి వరసలో ఇంకా ఎక్కువ గొర్రెలు, వచ్చే ఏటికి బోర్డు పట్టనన్ని. చచ్చినవాటిని ఎవరూ తీసెయ్యలేదు కాబోలు. ముందు మావాళ్ళు పొంగిపోయారు. తోక్సన్‌బాయ్ తాతైతే కర్రతో చూపిస్తూ, "మనవే! అల్లా సాక్షి, మనవేరా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పోయిన మంద కళ్ళబడ్డట్టయింది ఆయనకి.

పక్కపల్లె ఆడది ఒకతె నన్ను మోచేత్తో పొడిచింది.

"జిల్లాలో గొర్రెలన్నీ మీవేనన్నమాట! మా పిల్లలు గడ్డి నములుతుంటే మీరు మందలు దాచుకున్నారా? నీ కడుపు కాల!"

"కళ్ళు పోయాయా నీకు? అది బొమ్మే!"

"బొమ్మయితే మా గాటెందుకు లేదే?"

ఏం చెప్పను? జనమంతా చెవులు కొరుక్కుంటున్నారు. ఆ గుసగుసలన్నీ వింటూ వెనక నిలబడ్డవాడు బేసెంబై. మాంసం కోటా నిండలేదని పైనుంచి పంపిన ప్రతినిధి. మావాడే. గొర్రెల కాపరి కొడుకే. చెవి గాట్లు వాడికి వాళ్ళ నాన్న నేర్పే ఉంటాడు.

బొమ్మ వెయ్యి గొర్రెలకి గుర్తని, జిల్లా మొత్తానిదని వాడికి తెలియదా? శుభ్రంగా తెలుసు. వాడికి కావలసింది గొర్రెలు. గొర్రెలు ఎక్కడా లేవు. లేవని పైకి రాస్తే వాడి మెడకే చుట్టుకుంటుంది. ఉన్నాయి కానీ ఫలానావాళ్ళు దాచారంటే మెడ మిగులుతుంది. ఆ ఫలానావాళ్ళు ఎవరో బోర్డు చెప్పింది. వాడి నోట మన్నుపడ, నవ్వుతూ అన్నాడు: "జిల్లా కార్యాలయమే సాక్ష్యం చెబుతోంది కదా. దాచిన మంద ఎక్కడుందో ఆ పల్లెవాళ్ళే చూపిస్తే మంచిది."

ఆ మాట సన్నవేళ్ళ చెవిన పడింది. వాడు ఇంకెవర్నీ అడగలేదు, నన్నయినా అడిగి ఉంటే బాగుండేది. మర్నాడు నిచ్చెన వేసుకుని, మసిరంగు గిన్నె పట్టుకుని, ఒక్కొక్క గొర్రె చెవి గాటునీ నల్లరంగుతో పూడ్చేశాడు. పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే. తప్పు దిద్దుతున్నాననుకున్నాడు పిచ్చివాడు. నేను పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. చెవులన్నీ మొండిగా, నున్నగా ఉన్నాయి.

మా మైదానంలో గాటు చెరిగిన చెవి ఎక్కడ కనిపిస్తుంది? దొంగ దొడ్లో. దొంగిలించిన గొర్రెకి ముందు చేసే పని అదే, చెవి కొస కోసెయ్యడం. చెవులు చూసి బతికినవాడు, నిన్నటిదాకా దొంగల్ని పట్టిచ్చినవాడు, భయంలో అది మర్చిపోయాడు.

బేసెంబై బోర్డు ముందుకొచ్చి జనంవైపు తిరిగాడు.

"మీరంతా గొర్రెలు కాసినవాళ్ళే కదా. గాటు చెరిపేవాణ్ణి ఏమంటారో చెప్పండి."

ఆ పక్కపల్లె ఆడది కూడా తల దించుకుంది.

కొర్నేయ్ లుకిచ్ కార్యాలయంలోంచి పడుతూ లేస్తూ వచ్చాడు. దారం కట్టిన కళ్ళజోడు చెవికి వేలాడుతోంది.

"అది కొలత కామ్రేడ్! ఉత్త గుర్తు! ఆ గొర్రె ఎవరిదీ కాదు!"

"ఎవరిదీ కాని గొర్రె ఇక్కడ ఉండదు కామ్రేడ్," అన్నాడు బేసెంబై, ఎంతో మర్యాదగా. "మీరు కొత్తవారు. వెళ్ళి వచ్చే ఏటి వరస చూసుకోండి."

కొర్నేయ్ లుకిచ్ లోపలికి వెళ్ళిపోయాడు. అంతకంటే ఏం చెయ్యగలడులే అని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం వాడి కళ్ళజోడు తొక్కెయ్యాలనిపించింది.

సన్నవేళ్ళ పని పోయింది, పిండిమూట పోయింది. చెక్కదిమ్మమీంచి తోలుముక్క ఊడబీక్కుని అంగీలో దోపుకుని వచ్చేశాడు. ఎందుకురా అంటే, "ఇంకెవరిమీదా నొక్కకుండా," అన్నాడు. వాడి వెనకే బేసెంబై బళ్ళు వచ్చాయి. లేని మంద కోసం గడ్డివాములు తవ్వారు, బావి చూశారు, సమాధులు కూడా తవ్వబోతే తోక్సన్‌బాయ్ తాత అడ్డంగా పడుకున్నాడు. మంద దొరక్కపోయేసరికి, దాచినదాని కింద జమ అని పాలకోసం వదిలినవాటినే తోలడం మొదలెట్టారు.

నా మేకని నేను గుడారంలో, దుప్పట్ల చాటున కట్టుకున్నాను. అది ఊరుకుంటేనా, అరిచింది. బేసెంబై లోపలికొచ్చాడు. జిబాష్‌ని చంకనేసుకుని వాడి కాళ్ళకి అడ్డం పడ్డాను. సన్నవేళ్ళు మేక మెడ పట్టుకుని వాడి ముందుకి లాక్కొచ్చాడు.

"బాగా చూడు అన్నా. ఇది ఒక్కటి. వెయ్యికి గుర్తు కాదు, దేనికీ గుర్తు కాదు. ఒక మేక. దీని కింద ఒక పిల్ల బతుకుతోంది. నేను చెక్కినదానికి నన్ను తీసుకుపో."

బేసెంబై వంగి మేక కుడిచెవి వేళ్ళతో పట్టుకున్నాడు. వెలుతురువైపు తిప్పి చూశాడు. మా గాటే. ఉండక ఏముంటుంది? వాడు కాసేపు అలాగే పట్టుకున్నాడు. కరుగుతున్నాడేమో అనుకున్నాను, నా మతి మండ.

"నిన్నేం చేసుకోను? నీకు మాంసమేదీ?" అన్నాడు. మేకని తోలుకుపోయారు.

మొదటి మంచు పడ్డాక పల్లెంతా రైలు స్టేషనువైపు నడిచాం. అక్కడ రొట్టె దొరుకుతుందని ఎవరో అన్నారు, ఎవరన్నారో ఎవరికీ తెలియదు. బయల్దేరినప్పుడు ముందున్నవాళ్ళు పిలిస్తే వెనకవాళ్ళకి వినపడేది కాదు, అంతమందిమి. రోజులు గడిచినకొద్దీ కూర్చున్నవాళ్ళు లేవడం మానేశారు. ఒక మిట్ట ఎక్కాక సన్నవేళ్ళు వెనక్కి తిరిగి చూశాడు.

"దారం పోగైంది వదినా," అన్నాడు.

నేనూ వెనక్కి తిరిగి చూశాను. నాకు తెలిసింది.

చలికాలంలో తలదాచుకునే మట్టి ఇల్లొకటి పాడుబడి కనిపిస్తే అందులో దూరాం. కుండలో మంచు కరిగించి పొయ్యిమీద పెట్టాం, అందులో వెయ్యడానికి మాత్రం ఏమీ లేదు. జీనుల పట్టీలు, బూటు అడుగులు అంతకుముందే అయిపోయాయి. సన్నవేళ్ళు అంగీలోంచి ఆ తోలుముక్క తీశాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు, నీళ్ళలో వేశాడు.

తోక్సన్‌బాయ్ తాత గోడకి ఆనుకుని ఉన్నాడు. గొంతు పెగలడం లేదు, అయినా ఊరుకుంటాడా?

"కాగితం గొర్రె ఒక్కటి ఇప్పించమన్నాను కదరా, వచ్చింది. వెయ్యి గొర్రెలు. అందరికీ సరిపోతాయి, తోసుకోకండి."

నవ్వాం. అల్లా మీద ఒట్టు, నవ్వాం. నీళ్ళు నల్లగా మరిగాయి, మసిరంగు తేలింది. తోలు మెత్తబడడానికి ఎంతసేపు పట్టిందో. సన్నవేళ్ళు కత్తితో దాన్ని కోశాడు, విందులో గొర్రెతల కోసినంత పద్ధతిగా. పెద్దాయనకి తల పెట్టాడు. తాత చేత్తో నెట్టాడు. "ముందు పిల్లది," అన్నాడు. సన్నవేళ్ళు తలనుంచి చెవి కోసి, ఊది చల్లార్చి, జిబాష్ చేతిలో పెట్టాడు.

"చెవి చిన్నదానిది," అన్నాడు.

జిబాష్ దాన్ని నోట్లో పెట్టుకుంది. చప్పరించే ఓపిక లేదు. పెదాలకి నల్లరంగు అంటింది. మళ్ళీ తీసి గుప్పిట్లో పట్టుకుంది. నా ఒళ్ళోనే పడుకుంది. తెల్లారి చూస్తే ఒళ్ళు చల్లబడి ఉంది. మంచుతో ఎంత తుడిచినా ఆ పెదాల నలుపు పోలేదు. మట్టి గడ్డకట్టి గొయ్యి తవ్వలేకపోయాం, గోడ పక్కన మంచులోనే పెట్టాం. తాత అక్కడే ఉండిపోయాడు, ఇక లేవనన్నాడు. సన్నవేళ్ళు స్టేషను కనిపించేదాకా నడిచాడు, అక్కడ పట్టాల పక్కన కూర్చున్నాడు. నేను రొట్టెముక్క సంపాదించి వచ్చేసరికి వాడికి దాంతో పని లేదు.

తర్వాత ఎన్నో బోర్డులు చూశాను. మనుషులవీ చూశాను, ఒక మనిషి బొమ్మ వెయ్యిమందికి గుర్తు. మా పల్లె మొత్తం కలిపినా సగం మనిషి కాదు.

ఆ మట్టి ఇంట్లో జిబాష్‌ని మంచులో పెట్టేముందు దాని గుప్పిట విప్పాను. అందులో చెవి అలాగే ఉంది, కొసన మా గాటుతో సహా. అది నేను తిన్నాను.